వేళ్లు ముందు, కొమ్మలు వెనక

చెట్ల నర్సరీ, రేకుల షెడ్డు నుంచి
ఎండలు ముదరకముందు

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే రెండో నిమిషానికి ఇద్దరం అరుచుకుంటాం, మూడో నిమిషానికి వదిన ఫోన్ లాక్కుని పెట్టేస్తుంది. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వెంత అరిచినా నాకు వినబడదు.

ప్రసూతి ఆసుపత్రి సందు వెడల్పు చేస్తున్నారు. గోడ వెంబడి ఏడు నేరేడు చెట్లున్నాయి, నువ్వూ చూశావు. లోపల ఆడవాళ్లు నొప్పులు పడుతుంటే బయట వాళ్ల మొగుళ్లూ అమ్మలూ కూర్చునేది ఆ నీడలోనే. వాటి కాండాలకి నరకమని ఎర్ర రంగుతో గుర్తులు వేసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. రోడ్డు ఇంజనీరు దగ్గరికెళ్లి, "నరకకండి, వేళ్లతో సహా లేపి కొత్త బడి మైదానంలో నాటుతాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఒక్కదానివేనా అమ్మా?" అన్నాడు. "కాదండీ, నాతోపాటు నా నోరు కూడా వస్తుంది" అన్నాను. కూలీలు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. వానలు మొదలయ్యేలోపు ఏడూ లేపెయ్యాలట. ఒక్కటి నిలబడి ఉన్నా రంపం పెట్టిస్తాడట. అందరి ముందూ సరేనన్నాను.

ఇప్పుడు నీ పని. ఆ సందులో లారీ తిరగదు, క్రేను అసలే రాదు. మన పికప్పూ దాని వెనక తగిలించే ట్రాలీయే దిక్కు. నిన్న మొదటి చెట్టు ఎక్కించాను. మట్టి రాలకుండా గోనె చుట్టి కట్టిన వేళ్ల ముద్దే టన్నున్నర ఉంటుంది. ట్రాలీ తగిలించగానే పికప్పు వెనకభాగం కుక్క కూర్చున్నట్టు కూర్చుంది, మూతి పైకి లేచింది. పొద్దుగూకుతుండగా హెడ్‌లైట్లు వేస్తే మేడ మీద బట్టలు తీస్తున్నావిడ మొహాన పడ్డాయి. ఆవిడ తిట్టిన తిట్లు ఇందులో రాయను. గొయ్యి వచ్చినప్పుడల్లా వెనక ఇరుసు వెళ్లి బండి చట్రానికి, అదే చాసిస్‌కి, ఢాం అని కొడుతోంది. స్టీరింగ్ చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిగ్గా ఉంది. మనిషి నడిచే వేగంతో తీసుకెళ్లి నాటాను. ఇంకా ఆరున్నాయి.

బండి అమ్మెయ్యమని మాత్రం రాయకు. ఏం చెయ్యాలో రాయి.

నీ చెల్లి


కమాను షాపు నుంచి

మొండిఘటానికి,

నీ ఉత్తరం చదివి వదిన పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. టన్నున్నర మట్టిని ఆ ముసలి బండికి తగిలించావా? అమ్మెయ్యమని రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. మనసులో అనుకుంటున్నాను.

బండి కింద దూరి చూడు. వెనక ఇరుసు మీద ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి కదా, ఆ కమాను కట్ట విల్లులా వంగి ఉండాలి. నీ బండిలో అది స్కేలులా తిన్నగా అయిపోయి ఉంటుంది. పట్టీలు అలిసిపోయాయన్నమాట. కట్ట చివర్లలో రబ్బరు బుష్షులు కూడా నలిగి ఉంటాయి, వేలితో కదిపి చూడు. పార్సిలు ఆఫీసు ద్వారా రెండు వైపులకీ రెండేసి కొత్త పట్టీలు, బుష్షులు పంపుతున్నాను. వెల్డరు చేత బిగించుకో. పట్టీలు తుడవకుండా బిగించావంటే అక్కడికొచ్చి మరీ తిడతాను.

ఎక్కించడం మాత్రం నాన్న చెప్పినట్టే చెయ్యి. వేళ్లు ముందు, కొమ్మలు వెనక. ఎదురుగాలికి ఆకు చిరగకూడదని ఆయన ఆ ఒక్క విషయంలో ఎవరి మాటా వినేవాడు కాదు.

అన్నయ్య


నర్సరీ షెడ్డు నుంచి
ఎండలు మండిపోతున్నాయి

అన్నయ్యకి,

పట్టీలు అందాయి. తుడిచే బిగించాం. పాత కట్ట నువ్వన్నట్టు స్కేలే. బుష్షులైతే వేలు పెట్టగానే పొడి రాలింది.

రెండో చెట్టు కూడా నాటేశాను. ఇరుసు చాసిస్‌కి కొట్టడం తగ్గింది, ఆ మాట ఒప్పుకుంటాను. ఖాళీగా వెనక్కి వస్తుంటే మాత్రం బండి మేకపిల్లలా గెంతుతోంది. పక్కన కూర్చున్న వెల్డరు తల రెండుసార్లు పైకప్పుకి తగిలింది. "అమ్మా, నేను నడిచొస్తాను" అని దిగిపోయాడు. ట్రాలీ తగిలిస్తే వెనక ఇంకా కుంగుతూనే ఉంది. కొంచెమే అనుకో. స్టీరింగ్ మాత్రం అలాగే తేలిపోతోంది.

వేళ్లు ముందే పెడుతున్నాను. నాన్న కూతుర్ని నేను కూడా.

లారీలకి గాలి నింపే రబ్బరు తిత్తులు పెడతారట కదా? నా బండికి పెడితే ఏం పోతుంది?

చెల్లి


కమాను షాపు నుంచి

చెల్లికి,

పోయేదేం లేదు, పెట్టచ్చు. రెండు తిత్తులు పంపుతున్నాను. ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య బిగించి, ట్రాలీ తగిలించాక బండి మట్టం అయ్యేదాకా గాలి కొట్టు. ఖాళీగా ఉన్నప్పుడు గాలి తీసెయ్యి, గెంతదు.

ఇక బండి మట్టంగా నిలబడుతుంది. భయం లేదు.

పని ఎక్కువగా ఉంది. రేవులో లారీలన్నీ ఒకేసారి నడుం విరగ్గొట్టుకున్నాయి. వదిన నిన్ను వేళకి తినమంది.

అన్నయ్య


నర్సరీ షెడ్డు నుంచి

అన్నయ్యకి,

తిత్తులు బాగున్నాయి. బండి బల్లలా మట్టంగా నిలబడింది. మూడో చెట్టు కూడా లేపాను. మలుపు దగ్గర గోడకి కొంచెం గీసుకుంది, పెద్దగా ఏం కాలేదు. రాత బాగోలేదని అనుకోకు, నీ ఉత్తరానికి బల్ల ముందు కూర్చునే తీరిక ఎక్కడిది నాకు.

వదినని అడిగానని చెప్పు.

చెల్లి


నర్సరీ షెడ్డు నుంచి

పైన ఎవరి పేరూ పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

పొద్దున ఆసుపత్రి సందుకి వెళ్తే ఇంజనీరు అడ్డం నిలబడ్డాడు. "నీ బండి ఇటు తేవద్దమ్మా" అన్నాడు. ఎందుకని అడిగాను. "బండి మీ అన్నయ్యగారి పేరు మీదుంది. ఆయనే ఫోన్ చేశారు. ఆ బండి ఈ బరువు లాగలేదు, మా చెల్లి చేత కాదు, ఆపించండి అన్నారు. యజమానే వద్దంటే నేనెలా రానిస్తాను?"

కూలీల ముందు నిలబెట్టి చెప్పాడు ఆ మాట. మొదటి రోజు నా జోకుకి నవ్వినవాళ్లే తల దించుకున్నారు.

నాతో అనచ్చు కదా? ఉత్తరంలో "భయం లేదు" అని రాసి, వెనకనుంచి ఫోన్ చేసి "చేత కాదు" అంటావా? నాన్న పోయాక కాయితాల పని తొందరగా తేలాలని బండి నీ పేరు మీద పెట్టుకున్నాం. నా నెత్తిన పెత్తనం రాసివ్వలేదు.

విను. నేను ఆపను. బండి నీదైతే పార నాది, చేతులు నావి. మిగిలిన నాలుగు చెట్ల చుట్టూ ఇవాళే కందకాలు తవ్వించడం మొదలుపెట్టాను. నడుం లోతు గోతులు. రోడ్డు రోలరుని అందులోకి దిగి చూడమను.


కమాను షాపు నుంచి

చెల్లికి,

అవును, నేనే చెప్పాను. అవసరమైతే మళ్లీ చెబుతాను.

"కొంచెం గీసుకుంది" అని రాశావు. టైరు షాపు తాత నీకు కొత్త టైరు వేశాడు కదా, ఆయన మా షాపుకొచ్చి కూర్చుని అంతా చెప్పాడు. వాలులో బండి మలుపు తిరగలేదనీ, చాకలి షాపు గోడకి తిన్నగా వెళ్లి గుద్దిందనీ, చెట్టు నిలువునా చీలిందనీ, నీ కుడి మణికట్టుకి కట్టు ఉందనీ. ఆ గోడ పక్క బెంచీ మీద ఎప్పుడూ నలుగురు కూర్చుంటారట. ఆ పూట నీళ్లు వస్తున్నాయని లేచి వెళ్లారట. నువ్వేమో నాకు బండి బల్లలా ఉందని రాశావు.

ఆ తిత్తులు పంపింది నేను. భయం లేదని రాసింది నేను. తాత చెబుతుంటే నా చేతిలో పానా జారి కాలి మీద పడింది, నొప్పి కూడా తెలియలేదు. నీకేమైనా అయితే నేనేం చెయ్యాలి? నాకున్నది నువ్వొక్కదానివే.

బండి మట్టంగా ఉండి కూడా తిరగలేదంటే ఇక దానికి మందు లేదు. ఆ బండికి ఆ బరువు చేత కాదు. నీ చేత కాదని అన్నానా, అన్నాను. తిట్టుకో. బతికుండి తిట్టుకో.

అన్నయ్య


నర్సరీ షెడ్డు నుంచి
మబ్బులు కనబడుతున్నాయి

అన్నయ్యా,

దాచాను. నువ్వూ దాచావు. చెల్లుకి చెల్లు. ఇప్పుడు నేను రాసేది కోపం పక్కన పెట్టి చదువు, లేదా కోపంతోనే చదువు, కానీ మొత్తం చదువు.

ఆ రోజు స్టీరింగ్ పూర్తిగా తిప్పాను. ముందు చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. జారుకుంటూ తిన్నగా పోయింది. ఆ గోడ దగ్గరికొస్తున్నంతసేపూ నేను చూసింది ఆ ఖాళీ బెంచీనే. నాకు భయం వేసింది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పను.

ఆ రోజు వెనక్కి లాక్కొచ్చిన చీలిన చెట్టు ట్రాలీ మీదే మా షెడ్డులో ఉండిపోయింది. విప్పుదామని ట్రాలీ ముక్కు కింద జాకీ పెట్టి ఎత్తబోయాను. ట్రాలీ లేవలేదు, జాకీయే నేలలోకి దిగబడింది. పలక వేసి మళ్లీ ఎత్తితే జాకీ కాడ వంగింది. వెల్డరు నోరు తెరిచాడు. "ఇంత బరువు పికప్పు తోక మీద మోపుతున్నామా అమ్మా?" అన్నాడు.

నాన్నకి ఉన్నది లారీ అన్నయ్యా. ముద్దని క్యాబిన్‌కి ఆనించి, కొమ్మలు వెనక్కి పరిచేవాడు. ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఒకవైపు, బరువు మధ్యలో. ఆయనకి అది సరిపోయింది. మనది ట్రాలీ. దానికి ముందు పెట్టిన బరువంతా పికప్పుకి కలిపే కొక్కెం మీద పడుతుంది, కొక్కెం పికప్పు తోకని నొక్కుతుంది, తోక కుంగితే ముందు చక్రాలు నేలని వదిలేస్తాయి. నువ్వు పట్టీలు పంపావు, తిత్తులు పంపావు. తోక పైకి లేచింది, నిజమే. ముందు చక్రాల మీదికి మాత్రం పిసరంత బరువు కూడా తిరిగి రాలేదు. మట్టంగా ఉందని నమ్మి నేను వాలులో వేగం పెంచాను. ఇద్దరం బండికే వైద్యం చేశాం. ట్రాలీ మీద పెట్టే తీరు తప్పని ఇద్దరికీ తట్టలేదు, అది నాన్న నేర్పింది కాబట్టి.

ముద్దని గొట్టాల మీద దొర్లించి వెనక్కి, చక్రాల పైకి జరిపాం. కొమ్మలు నేలకి రాసుకోకుండా వెనక రెండు ఇనప చానెళ్లు అతికించాడు వెల్డరు. మరీ వెనక్కి జరిపితే ట్రాలీ ముక్కు ఒంటిచేత్తో లేచింది. నర్సరీ దారిలోనే లాగి చూస్తే తోక ఆడించుకుంటూ ఊగింది, అదీ ప్రమాదమే. మళ్లీ కొంచెం ముందుకి తెచ్చాం. ఇప్పుడు ఊగడం లేదు, స్టీరింగ్ చేతికి తెలుస్తోంది.

చీలిన చెట్టుని మొదలుదాకా కోసి మైదానంలో నాటాను. బతుకుతుందో లేదో తెలియదు. ఇంజనీరు ఎగతాళి చేస్తే "లేపమన్నారు, లేపాను" అన్నాను. మిగిలిన నాలుగింటికీ కందకాలు అయిపోయాయి, ముద్దలు కట్టాను, పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తున్నాను. రోలరు సందు మొదట్లోనే నిలబడిపోయింది. డ్రైవరు రోజూ నేరేడుపళ్లు ఏరుకుని తింటున్నాడు.

ఇంజనీరుకి ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే ఆ ట్రాలీని మనుషుల చేత లాగిస్తాను. నేనూ ఒక తాడు పట్టుకుంటాను, ఒక చెయ్యి చాలు.

చెల్లి


కమాను షాపు నుంచి

చెల్లికి,

నాన్న తప్పా? ఎన్ని వేల చెట్లు మోశాడాయన? ఒక్క ఆకు చిరగనిచ్చాడా? జాకీ వంగిందని నువ్వు నాన్నకి పాఠం చెబుతావా? నువ్వు ట్రాలీ తోలడం మొదలుపెట్టి ఎన్నాళ్లయింది? నేను ఫోన్ చెయ్యను గాక చెయ్యను. మనుషుల చేత లాగిస్తుందట!

పై వాక్యాలన్నీ మొన్న రాసి, కాయితం మడిచి పెట్టేశాను. చింపెయ్యమంది వదిన. చింపను. నా కోపం కూడా నీకు తెలియాలి.

నిన్న ఊరుకోలేక షాపులో ఉన్న ఒక పికప్పుకి తుక్కు ట్రాలీ తగిలించాను. తగిలించకముందే, ముందు చక్రం పైనున్న మడ్‌గార్డు నేలకి ఎంత ఎత్తులో ఉందో కర్ర మీద గీత పెట్టుకున్నాను; ఇనప తుక్కంతా ట్రాలీలో ముందుకి పేరిస్తే అది గీత దాటి పైకి లేచింది. తిత్తుల్లో గాలి కొట్టాను. తోక లేచింది. మడ్‌గార్డు గీత దగ్గరికి దిగలేదు. తర్వాత తుక్కుని చక్రాల మీదికి జరిపాను, అప్పుడు దిగింది. బోర్లా పడుకుని చూశాను, వెల్లకిలా పడుకుని చూశాను. షాపులో కుర్రాళ్లు నాకేదో అయిందనుకున్నారు. రోజూ ఇదే పని చేసేవాణ్ణి, నాకే తట్టలేదు. మొహం ఎక్కడ పెట్టుకోను?

నువ్వన్నది నిజం. నాన్న తప్పు చెయ్యలేదు, మనం ఆయన లారీ పద్ధతిని తెచ్చి ట్రాలీ మీదికి ఎక్కించాం.

నీ పని ఇంకా సగమే అయింది, అది కూడా విను. నేను పంపిన కొత్త పట్టీల్లో రెండేసి వేశావు కదా, ఒక్కోటి తీసెయ్యి. తిత్తుల్లో సగం గాలే ఉంచు. ఈ ఉత్తరంతో పాటు రెండు స్ప్రింగు కడ్డీలు వస్తాయి, నేనే కొలిమిలో కాల్చి వంచినవి. కొక్కెం కింద దూర్చి, గొలుసులతో ట్రాలీ చాసిస్‌కి బిగించు. తోక మీద మిగిలిన బరువుని అవి పైకెత్తి కొంత పికప్పు ముందు చక్రాలకీ, కొంత ట్రాలీ చక్రాలకీ పంచుతాయి. ట్రాలీ తగిలించకముందు మడ్‌గార్డు ఎత్తు గీత పెట్టుకో. బిగించాక మళ్లీ ఆ గీత దగ్గరికి వచ్చేదాకా గొలుసు బిగిస్తూ పో. గీత రాకపోతే కదలకు. ఆ వాలు పైనే మొదటి గేరు వేసుకుని దిగు. ఒక్క చేత్తో స్టీరింగ్ పట్టుకోకు, కట్టు విప్పేదాకా వెల్డరుని తోలనివ్వు.

ఇంజనీరుకి ఫోన్ చేశాను. "మొన్న వద్దన్నారు, ఇవాళ సరే అంటున్నారు, ఏ మాట నమ్మమంటారు?" అన్నాడు. "రెండోది" అన్నాను.

అన్నయ్య


ఆసుపత్రి సందులో, రోలరు మెట్టు మీద కూర్చుని

అన్నయ్యా,

నాలుగోది దిగింది!

ఇంజనీరు వాలు కింద నిలబడ్డాడు, బండి జారితే తప్పుకునేంత దూరంలో. ఎంత జాగ్రత్తో మనిషికి. కర్ర మీద నీ గీతని ఆయనకి చూపించి, ఆయన ఎదురుగానే గొలుసు బిగించాను. మడ్‌గార్డు గీతకి అంగుళం లోపు వచ్చింది. ఇంకో లింకు బిగిస్తే సరిగ్గా వచ్చింది. తోలింది నేనే. కట్టు విప్పేశాను, నువ్వు కోప్పడినా చేసేదేం లేదు.

వాలులో మొదటి గేరులో దిగాను. మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పగానే చక్రాలు నేలని కరిచి పట్టుకున్నాయి. ఆ పట్టు నా భుజాలదాకా తెలిసింది. వెనక చెట్టు నా వెంటే తిరిగింది. చాకలి షాపాయన కొత్తగా కట్టుకున్న గోడ ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, నేను దాటి వెళ్లాక చేతులు దించాడు. ఆసుపత్రి కిటికీల్లోంచి ఎవరెవరో చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను, నవ్వాను, హారన్ కొట్టాను, అన్నీ ఒకేసారి.

అయిదోది రేపు. ఆరోదీ ఏడోదీ ఈ వారంలోనే. మబ్బు దగ్గరికొచ్చేసింది, రానీ. ఇంజనీరు చివర్లో వచ్చి, "మార్కెట్ వీధిలో కూడా చెట్లు తీయించాలి, వస్తారా?" అన్నాడు. అమ్మా లేదు, నువ్వూ లేదు, వస్తారా అట!

చెల్లి


కమాను షాపు నుంచి
వానలో

చెల్లికి,

ఏడూ లేచాయని టైరు షాపు తాత చెప్పాడు. నీ ఉత్తరం కంటే ఆయన నోరు వేగం. ఈ వానకి అవి నిలదొక్కుకుంటాయి.

దీంతో పాటు బండి కాయితాలు పంపుతున్నాను. నీ పేరు మీదికి మార్చమని సంతకాలన్నీ పెట్టాను. నువ్వొక సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చెయ్యి. ఇకమీదట నేను ఒక్క ఫోన్‌తో నిన్నాపలేను. నన్ను చూసి నాకే భయం వేసింది చెల్లీ, అందుకే.

అన్నయ్య


నర్సరీ షెడ్డు నుంచి

అన్నయ్యా,

కాయితాలు వెనక్కి పంపుతున్నాను. నీ సంతకాల మీద అడ్డంగా గీతలు కొట్టేశాను, మళ్లీ పంపినా మళ్లీ కొట్టేస్తాను.

నిన్న మార్కెట్ వీధి కాంట్రాక్టరు షెడ్డుకొచ్చాడు. అక్కడి చెట్లని నరకనివ్వకుండా నేను వేళ్లతో లేపుకుపోతే అతనికి కలప పోతుంది. చాలా మర్యాదగా కూర్చుని, మంచినీళ్లు తాగి, "బండి ఎవరి పేరు మీదుందమ్మా?" అని అడిగాడు. ఎలా అడిగితే ఆగుతానో ఎవరో చెప్పే పంపారు. నేను నీ నంబరిచ్చాను.

అతను నీకు ఫోన్ చేస్తాడు. ఆడపిల్ల అంటాడు, పాత బండి అంటాడు, ప్రమాదం అంటాడు, గోడ సంగతి ఎత్తుతాడు. నువ్వు ఇంజనీరుతో అన్న మాటలే ఏరి ఏరి నీకు వినిపిస్తాడు. బండి నీ పేరు మీదుండాలి, ఆ ఫోన్ నీకే రావాలి.

మా చెల్లి చేత కాదని ఊళ్లోవాళ్లకి వినబడేలా అన్నావు. ఇప్పుడు ఆపనని అదే నోటితో అను. గట్టిగా అను, పక్క గదిలో వదినకి కూడా వినబడాలి.

నీ చెల్లి